వేసవి ఆకుకు వేరే లెక్క

నెల్లూరు తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాల వానలే ప్రధాన ఆధారం. ఆ వానలకు పచ్చబడిన నేల మార్చి దాటేసరికి మాడిపోతుంది. మే నెలలో కావలి నుంచి ముత్తుకూరు దాకా ఇసుక నేలల్లో గొర్రె నోటికందే గడ్డి దొరకడం కష్టం. అప్పుడు జోడిపి, పల్ల గొర్రెల మందలకు వరిగడ్డే దిక్కు. లేదంటే కాపరి దోటితో లాగి వేసే తుమ్మ, జమ్మి, సుబాబుల్ కొమ్మలు. ఈ ఆకుల్లో మాంసకృత్తులు దండిగా ఉంటాయన్నది నిజం. అయితే వాటిలో ఎంత భాగం జీవానికి వంటబడుతుందన్నది, ఆకు కోసిన కాలాన్ని బట్టి, చెట్టు నిలిచిన నేలను బట్టి మారిపోతుంది.

ఇందుకు కారణం ఆకులోని వగరు, అంటే టానిన్లు. తుమ్మ చెక్కతో, తంగేడు చెక్కతో పచ్చితోళ్లను పదును చేసేది ఈ పదార్థమే. తోలులోని మాంసకృత్తులను అది వదలకుండా పట్టేస్తుంది. జీవాల కడుపులోనూ చేసేది అదే పని. నీటికి, నత్రజనికి కరువొచ్చినప్పుడు మొక్కకు ముందుగా ఎదుగుదల ఆగుతుంది. ఎండ మాత్రం ఉంటుంది కనుక ఆకు పిండిపదార్థం తయారుచేస్తూనే ఉంటుంది. కొత్త చిగుళ్లకు ఖర్చు కాని ఆ సరుకులో కొంత టానిన్లుగా మారి ఆకులో చేరుతుంది. న్యూజిలాండ్‌లో లోటస్ అనే పప్పుజాతి మేత మీద 1980లలో జరిగిన పరిశోధన ఈ తేడాను స్పష్టంగా చూపింది. సారవంతమైన నేలలో పెరిగిన మొక్కలో టానిన్లు 2–3 శాతం ఉంటే, నిస్సారమైన ఆమ్ల నేలలో ఇంచుమించు మూడు రెట్లు ఉన్నాయి. మొక్క ఒకటే, నేల వేరు.

వగరంతా చెడ్డది కాదు. ఎండు మేతలో 2 నుంచి 4 శాతం దాకా ఉంటే మేలే చేస్తుంది. మాంసకృత్తులు మొదటి పొట్టలోనే కుళ్లి అమ్మోనియాగా వృథా కాకుండా కాపాడుతుంది. ఆమ్లం ఉండే అసలు పొట్టకు చేరాక పట్టు వదులుతుంది. కొన్ని రకాల టానిన్లు పేగుల్లోని నట్టలను కూడా అదుపు చేస్తాయి. 5 శాతం దాటితే మాత్రం గొర్రె మేత తగ్గించేస్తుంది, తిన్నదీ సరిగా అరగదు. ఆకు కొరికి బతికే మేక దీన్ని గొర్రె కంటే బాగా తట్టుకుంటుంది.

నెల్లూరు వేసవిలో అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. వరిగడ్డిలో మాంసకృత్తులు 3–4 శాతమే. మేతలో అవి 7 శాతం లోపుంటే పొట్టలోని సూక్ష్మజీవులు నీరసించి గడ్డిని అరిగించలేవు. ఆ లోటు తీర్చడానికే ఆకు వేస్తాం. సరిగ్గా ఆ నెలల్లోనే, ఆ ఇసుక నేలల్లోనే ఆకు వగరెక్కి, తనలోని మాంసకృత్తులనూ బిగించేస్తుంది. గంప నిండినా గొర్రె డొక్క నిండదు.

అందువల్ల వేసవిలో ఒకే చెట్టు ఆకును కుప్పగా వేయకూడదు. మొత్తం మేతలో మూడో వంతుకు మించనివ్వకుండా రెండు మూడు రకాలు కలిపి వేయాలి. కాస్త వేరుశనగ చెక్క తోడైతే మరీ మంచిది. చాలా ఆకుల్లో నీడన ఆరబెడితే వగరు కొంత తగ్గుతుంది. వరి కోతలయ్యాక కయ్యలో మిగిలిన తేమకు పిల్లిపెసర చల్లి, ఎండబెట్టి దాచుకున్న రైతుకు మే నెల ఇంత కష్టంగా ఉండదు.

కాపరి చేయగలిగింది అంతవరకే. తన చెట్టు ఆకులో ఏ నెలలో ఎంత వగరుందో అతను కొలుచుకోలేడు. శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పక్కనే తిరుపతిలో ఉంది. తీర మండలాల్లో తుమ్మ, జమ్మి, సుబాబుల్ ఆకులను జనవరిలో ఒకసారి, మే నెలలో ఒకసారి, వానలు పడ్డాక మరోసారి కోయించి పరీక్షించాలి. ఆ ఫలితాలతో నెలవారీ మేత పట్టిక తయారుచేసి ప్రతి రైతు సేవా కేంద్రం గోడకు అంటించాలి. నట్టల మందు పంచినంత శ్రద్ధగా ప్రభుత్వం ఈ పట్టికనూ కాపరులకు పంచాలి.