చేప కీడు మోసుకుపోదు

కొత్తగా అక్వేరియం పెట్టిన ఇంట్లో పదిహేను రోజులు తిరక్కుండా చేపలు ఒక్కొక్కటే చచ్చిపోతుంటే, చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఒకటే మాట: "పోనీలెండి, ఇంటికి రావాల్సిన కీడు అది మోసుకుపోయింది." వాస్తు చెప్పేవాళ్లలోనూ ఈ మాట అనేవాళ్లున్నారు. ఆలస్యం చేయకుండా దాని స్థానంలో ఇంకోటి తెచ్చి వేయమని కూడా చెబుతారు. ఉత్త ఊరడింపే అయితే నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ మాట విన్నాక చేప ఎందుకు చచ్చిందని ఎవరూ అడగరు. అడక్కుండానే అవే నీళ్లలోకి మరో ప్రాణిని దించుతున్నారు.

చచ్చింది విషం వల్ల. ఆ విషం అమ్మోనియా. చేప మొప్పల్లోంచి అది నిరంతరం వస్తూనే ఉంటుంది, తినకుండా మిగిలిన మేత కుళ్లినా పుడుతుంది. పాత తొట్టిలో ఫిల్టర్ స్పాంజికీ గులకరాళ్లకీ పట్టి ఉన్న బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే, చేప రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి పోయేలా చేస్తుంది. మరో రకం బాక్టీరియా ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేశాకే ప్రమాదం బాగా తగ్గుతుంది. కొత్త తొట్టిలో ఈ రెండు రకాలూ చాలినంత ఉండవు. అవి పెరగడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. మనం తొట్టి కొన్న సాయంత్రమే అరడజను గోల్డ్‌ఫిష్‌లు వదిలేస్తాం.

"నీళ్లు అద్దంలా ఉన్నాయి కదా" అంటారు. చేపను చంపేంత అమ్మోనియా ఉన్నా నీటికి రంగు రాదు. అదే అమ్మోనియా పీహెచ్ 7 దగ్గర చేసే హాని కంటే 8 దగ్గర చేసేది ఎన్నో రెట్లు ఎక్కువ. 25 డిగ్రీల వేడిలో దాని విషరూపం మొదటి నీళ్లలో సుమారు అర శాతం, రెండో నీళ్లలో సుమారు 5 శాతం. చేప పైకి వచ్చి నోరు తెరిచి మూస్తూ, రెక్కలు ఒంటికి అదుముకుని ఉంటుంది. ఆకలేసిందనుకుని పిల్లలు ఇంకో చిటికెడు మేత వేస్తారు. ఊపిరాడని చేపకు ఇంకొంచెం విషం చేరుతుంది.

ఇక "శుభ్రం" పేరిట జరిగేది. మొదటి వారంలో నీళ్లు పాలవిరుగుడులా తెల్లబడగానే మొత్తం పారబోసి, రాళ్లు తోమి, స్పాంజిని కుళాయి కింద పిండుతారు. కుళాయి నీళ్లలోని క్లోరిన్ అప్పుడప్పుడే పట్టుకుంటున్న బాక్టీరియాను చంపేస్తుంది, లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. కరెంటు బిల్లుకు జడిసి రాత్రిపూట ఫిల్టర్ ఆపేసే ఇళ్లు కూడా ఉన్నాయి. ఆ బాక్టీరియాకి కూడా ఆక్సిజన్ కావాలి. చేప నలతగా ఉందని పోసే మిథిలిన్ బ్లూ కూడా దాన్ని దెబ్బతీస్తుంది.

నీళ్లు మార్చొద్దని నేననడం లేదు. ఇప్పటికే చేపలు వేసేసి ఉంటే, టెస్ట్ కిట్‌లో అమ్మోనియా కనబడినప్పుడల్లా పావువంతో మూడోవంతో తీసి క్లోరిన్ పోగొట్టిన నీళ్లు పోయాల్సిందే. ఆ తీసిన బకెట్ నీళ్లలోనే స్పాంజిని మెల్లగా జాడించాలి. మేత సగానికి తగ్గించాలి.

భీమవరం, కైకలూరు వైపు చెరువు రైతుని అడగండి. చేప పైకి తేలి నోరు తెరిస్తే ఆయన ముందు నీళ్లు పరీక్ష చేయిస్తాడు, మేత ఆపుతాడు, ఏరేటర్లు తిప్పుతాడు. ఇదేదో పెద్ద శాస్త్రవేత్తలకే అందే విద్య కాదు. మన రాష్ట్రంలో వేల ఎకరాల మీద రోజూ వాడుకలో ఉన్న తెలివి పట్నంలోని డ్రాయింగ్ రూమ్ దాకా రాకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇందులో దుకాణాల బాధ్యత చాలా ఉంది. తొట్టి, చేపలు ఒకే రోజు అమ్మకూడదు. తొట్టి ఇచ్చి, దుకాణంలో ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టిలోని పాత స్పాంజి ముక్క ఒకటి చేతిలో పెడితే చాలు. పాలకు తోడు వేసినట్టు అది పని మొదలుపెడుతుంది. ఇంటికెళ్లి ఫిల్టర్ ఆపకుండా నడుపుతూ, ఖాళీ తొట్టిలో రోజూ చిటికెడు మేత వేస్తూ ఉండమని చెప్పాలి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ పుట్టి, పెరిగి, మళ్లీ సున్నాకి వచ్చేదాకా చేపల కోసం రావొద్దని కూడా చెప్పాలి. వచ్చాక మొదట రెండో మూడో ఇవ్వాలి, అరడజను కాదు.