హుగ్లీ నదిని నాలుగుసార్లు దాటిన రోజు

ప్రయాణ సెలవు రాయితీని ఈ బ్లాకులోనైనా వినియోగించుకోవాలన్న మా శ్రీమతి పట్టుదల గత జనవరిలో నెరవేరింది. అంతకుముందు రెండు పర్యాయాలు సెలవు మంజూరై, టిక్కెట్లు చేతికి వచ్చిన తరువాత, ఒకసారి షట్‌డౌను వలన, మరొకసారి ఆడిటు వలన ప్రయాణం రద్దయింది. ఈ పత్రిక చదివే కుటుంబాలకు ఇటువంటివి కొత్త కావు. ముప్పై ఏళ్ళు దాటిన మా దాంపత్యంలో పిల్లలు గాని, బంధువులు గాని, ఆఫీసు పని గాని వెంట లేకుండా మేమిద్దరమే ఒక నగరం చూడబోవడం ఇదే ప్రథమం.

ఎక్కడికని అడిగితే ఆమె క్షణం ఆలోచించకుండా "కలకత్తా" అన్నది. 2001లో ఆ నగరం అధికారికంగా కోల్‌కతా అయినా మా ఇంట్లో ఇంకా కలకత్తాయే. కాళీమాత దర్శనం కోసమై ఉంటుందనుకున్నాను. కారణం అడగలేదు.

మొదటిరోజు కాళీఘాట్‌లో దర్శనం అయింది. రెండవరోజు నగర సందర్శనకు కేటాయించాము. ముందురాత్రి బసలో కూర్చుని, అలవాటు కొద్దీ ఒక బార్ చార్టు గీశాను. ఆరు స్థలాలు, ఒక్కొక్కదానికి ఇన్ని నిమిషాలు, మధ్యాహ్న భోజనానికి నలభై, అనుకోని జాప్యాలకు పదిశాతం. శ్రీమతి దానిని శ్రద్ధగా చూసి, "ఇందులో కాసేపు కూర్చోవడం ఎక్కడుందండీ?" అని అడిగింది. మోకాళ్ళ నొప్పితో ఏడాదిగా బాధపడుతున్న మనిషి అడిగిన ఆ ప్రశ్నకు పదిశాతం జాప్యాలను చూపించి ఊరుకున్నాను.

ఉదయం ఎనిమిదింటికి కాళీఘాట్‌లో మెట్రో ఎక్కాము. మన దేశంలో మొట్టమొదటి మెట్రో ఇదే. 1984 అక్టోబరు 24న ఎస్ప్లనేడ్, భవానీపూర్‌ల మధ్య 3.4 కిలోమీటర్ల మేర ప్రారంభమైంది. ఎస్ప్లనేడ్‌లో దిగి, హుగ్లీ నది అడుగు నుండి హౌరా వెళ్ళే కొత్త మార్గంలోకి మారాము. నది క్రింది సొరంగాలను 2017లో తొలిచారు. 2024 మార్చిలో రైళ్ళు నడవడం మొదలైంది. నది క్రింద సుమారు 520 మీటర్లు. రైలుకు ముప్పావు నిమిషం పని. ఒండ్రుమట్టిలో, పైన నీటి బరువును మోస్తూ సొరంగం ఎట్లా నిలుస్తుందో, తొలిచే యంత్రం ముందు భాగాన మట్టి ఒత్తిడిని ఎట్లా సరితూచుతారో నేను వివరిస్తుండగానే హౌరా వచ్చేసింది.

"నదేదీ?" అన్నది శ్రీమతి.

"దాటేశాము."

"కనబడకుండా దాటితే దాటినట్టేమిటండీ!"

నేను నవ్వాను గాని ఆమె నవ్వలేదు.

ఎస్కలేటర్ల మీద ఎక్కి ఎక్కి నేలమీదికి రాగానే వంతెన కనిపించింది. హౌరా వంతెనను పాఠ్యపుస్తకంలోని బొమ్మగా నలభై ఏళ్ళుగా ఎరుగుదును. కళ్ళారా చూడటం ఇప్పుడే. 1943 ఫిబ్రవరిలో రాకపోకలకు తెరిచారు. 1965లో రవీంద్ర సేతు అని పేరు పెట్టారు. నది మధ్యన స్తంభమన్నది లేదు. ఇరుగట్ల మీది టవర్ల నుండి ఒక్కొక్క చేయి 468 అడుగుల మేర నది మీదికి చాచగా, ఆ రెండు చేతుల కొసల నడుమ 564 అడుగుల భాగాన్ని వేలాడదీశారు. వెరసి 1500 అడుగులు. వాడిన 26,500 టన్నుల ఉక్కులో 23,000 టన్నులు జంషెడ్‌పూర్‌లో తయారైనదే. మనం నడిచే దారి కూడ పైనుండి హేంగర్ల ద్వారా వ్రేలాడుతున్నదే. ఆ హేంగర్ల అడుగున ఉన్న ఉక్కు తొడుగులు, బాటసారులు ఉమ్మిన పాన్ రసం మూలంగా, 6 మిల్లీమీటర్ల మందం నుండి 3 మిల్లీమీటర్ల లోపుకు తినివేయబడినట్లు 2010 ప్రాంతంలో వెల్లడై, వాటికి ఫైబర్‌గ్లాసు కవచాలు వేయవలసి వచ్చింది. యుద్ధకాలాన్ని గట్టెక్కిన వంతెనకు తాంబూలం శత్రువైంది. తుప్పు నివారణ విభాగంలోని మన మిత్రులు గమనించగలరు.

జనప్రవాహంలో ఒక ప్రక్కగా, ఆమె నడక వేగానికి నా వేగం తగ్గించుకుని నడుస్తున్నాము. "ఇంత పెద్ద కట్టడంలో..." అని ఆరంభించాను.

"నట్టూ బోల్టూ ఒక్కటీ లేదు, అంతా రివెట్లే" అని ఆమె ముగించింది.

నేను ఆగిపోయాను. వెనుక నెత్తిన బుట్టతో వస్తున్న కూలి నన్ను తప్పించుకుని, ఏదో అని వెళ్ళాడు. "నీకెవరు చెప్పారు?"

"మా నాన్న. ఇక్కడే. ఇంచుమించు ఇదే చోటులో."

మా మామగారు ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానాలో పనిచేసి పదవీవిరమణ చేశారని పెళ్ళిచూపులనాడే విన్నాను. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి అక్కడికి వలస వెళ్ళిన వేలాది తెలుగు కుటుంబాలలో వారిదొకటి. ఆ సమాచారం నా మనస్సులో పరిచయ పత్రంలోని ఒక పంక్తిగానే మిగిలిపోయింది. ఆమె చెప్పింది: 1979లో, తనకు ఎనిమిదేళ్ళప్పుడు, ఒక సెలవురోజున నాన్న రైల్వే పాసు మీద తనను హౌరా తీసుకువచ్చాడట. భుజాల మీద ఎక్కించుకుని వంతెన దాటించాడట. ట్రాములు గంట కొట్టుకుంటూ ప్రక్కనుండి పోయేవట. ఆయన కార్ఖానాలో రివెట్లు కొట్టే పనివాడు. వరుసగా నిలిచిన ఆ రివెట్ల తలలను కూతురి చేత తడిమించి, "ఎర్రగా కాల్చి కొడతాం అమ్మా. చల్లారే కొద్దీ అదే బిగుసుకుంటుంది, మనం మళ్ళీ బిగించనక్కరలేదు" అని చెప్పాడట.

చల్లారి కుంచించుకునే రివెట్టు పలకలను ఎంత బలంతో నొక్కి పట్టుకుంటుందో నేను ఇంజనీరింగు కళాశాలలో లెక్కకట్టి మార్కులు తెచ్చుకున్నాను. వంతెన మీద 1993 వరకు ట్రాములు నడిచాయని కూడ చదివి ఉన్నాను. ఆ ట్రాము గంటలు విన్న మనిషి నా ఇంట్లోనే ఉన్నదని మాత్రం ఎరుగను.

అవతలి గట్టున వంతెన నీడలోనే మల్లిక్ ఘాట్ పూలబజారు. అక్కడి బంతిపూల సంగతి మాటలలో చెప్పలేను. పసుపు, నారింజ రంగుల దండలను మోకుల వలె చుట్టి మనిషి ఎత్తు కుప్పలు పోశారు. బురద, తోపులాట, అరుపులు. నేను జేబు పట్టుకుని నిలబడి ఉండగా శ్రీమతి ఒక ముసలి వర్తకుని ముందు వంగి, "దాదా, కొతొ?" అని అడిగింది. అతడేదో చెప్పాడు. ఈమె బేరమాడింది. వచ్చీరాని బంగ్లా గాని, బేరం కుదిరింది. నలభై ఏళ్ళుగా మాట్లాడని భాష నోటికి అంత సులభంగా ఎట్లా తగిలిందో ఆమెకే ఆశ్చర్యమైనట్లుంది. దండ అందుకుంటూ సిగ్గుపడినట్లు నవ్వింది.

నా చార్టు ప్రకారం అప్పటికే యాభై నిమిషాలు వెనుకబడ్డాము. తరువాతిది 1814లో నెలకొల్పిన ఇండియన్ మ్యూజియం. టాక్సీ కోసం చూస్తుండగా ఆమె రేవు వైపు చేయి చూపి, "లాంచీ ఎక్కుదామండీ" అన్నది.

"ఇప్పుడేగా నది దాటి వచ్చాము! మళ్ళీ హౌరా వెళ్ళి చేసేదేమిటి? ప్రయోజనం లేదు."

ఆమె వాదించలేదు. కాసేపటికి, పూలదండను సంచిలో సర్దుకుంటూ, "ఆరోజు పడవ ఎక్కుతానని ఏడ్చాను. రైలు వేళయిందమ్మా, ఈసారి వచ్చినప్పుడు ఎక్కిద్దాం అన్నారు నాన్న. మళ్ళీ రావడం పడలేదు" అన్నది.

రేవు మెట్లు ఆమె నా భుజం పట్టుకుని ఒక్కొక్కటే దిగింది. లాంచీలో జనం బాగానే ఉన్నారు గాని అంచున బల్లమీద చోటు దొరికింది. నది మధ్యకు వచ్చేసరికి చలిగాలి. వంతెనను క్రిందినుండి చూడటం వేరు. పైన నడిచేటప్పుడు జనం కనబడతారు. నీటి మీదినుండి చూస్తే, ఉక్కు చేతులు రెండు ఒకదానికొకటి అందడానికి సాగినట్లుంటుంది. ఈసారి నేను వివరించలేదు. ఆమె కళ్ళు తుడుచుకోలేదు, ఏమీ అనలేదు. పూలదండ నుండి రెండు పువ్వులు త్రుంచి నీటిలో వేసింది.

నాకు మామగారు గుర్తుకువచ్చారు. ఆయన పోయి పదిహేనేళ్ళయింది. మా క్వార్టర్సుకు వచ్చినపుడల్లా వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదివేవారు. నేను ఆఫీసు నుండి వచ్చి బి.పి. ఎట్లా ఉందని, మందులు వేసుకుంటున్నారా అని అడిగేవాడిని. ఆయన చేసిన పని గురించి ఒక్కమాట అడిగిన జ్ఞాపకం లేదు. ఒకసారి ఆయనే, "అల్లుడుగారూ, మీ ప్లాంటు ఒకసారి చూడాలని ఉంది" అన్నారు. సందర్శకుల అనుమతి పత్రానికి నాలుగు సంతకాలు కావాలి. ఆ వారం పని ఒత్తిడి. ఈసారి వచ్చినప్పుడు చూద్దాం లెండి అన్నాను.

హౌరాలో దిగి బాబూఘాట్ లాంచీ ఎక్కాము. ఆ విధంగా ఒకే పూటలో హుగ్లీని నాలుగవసారి దాటాము. బాబూఘాట్‌లో మట్టి ముంతలలో టీ త్రాగుతూ గంటన్నర కూర్చున్నాము. ఖరగ్‌పూర్ తెలుగు బడి, రైల్వే కాలనీలో సంక్రాంతి ముగ్గులు, కార్ఖానా సైరనుకు నాన్న లేచే వేళ ఆమె చెబుతూ ఉంటే వింటూ ఉన్నాను. మ్యూజియం చూడలేదు. సాయంత్రానికి విక్టోరియా మెమోరియల్ చేరాము గాని తోట వరకే. 1921లో తెరిచిన ఆ మక్రానా పాలరాతి భవనం ఎండ దిగేవేళ అందంగానే ఉన్నది. లోపలి విశేషాలు చూసినవారు వ్రాయగలరు.

మరునాటి తిరుగు ప్రయాణంలో ఖరగ్‌పూర్ సమీపిస్తుండగా శ్రీమతి కునుకు తీస్తున్నది. ఒకప్పుడు ప్రపంచంలోనే అతి పొడవైనదిగా పేరుపొందిన ప్లాట్‌ఫారం అక్కడిది. ఆ సంగతి తరువాత చెప్పవచ్చునని ఆమెను తట్టి లేపాను.

"మీ క్వార్టర్సు ఏ వైపు?"

నిద్రకళ్ళతో రెండు కిటికీలూ చూసి, "ఇటు కాదండీ, అటు" అంటూ లేచి, అవతలి కిటికీ దగ్గరకు నడిచింది. నేనూ వెళ్ళాను.