గోగుకూలీని అడగని సంతకాలు

"డబ్ల్యూటీవో అంటే ఢిల్లీ గొడవ. పేటలో ఉన్నోళ్లకి అదంతా ఏటి బాబూ?" బొబ్బిలి చుట్టుపక్కల ఈ మాట మేం చాలాసార్లు విన్నాం. అడిగినవాళ్లది తప్పు కాదు. చెప్పాల్సినవాళ్లే చెప్పలేదు.

గోగు కోసి, కట్టలు కట్టి, చెరువులో ఊరేసి, మురిగిన నీళ్లలో నడుంలోతున నిలబడి నార తీసిందెవరు? భూమున్న ఆసామా? నార కొన్న షావుకారా? మన ఆడోళ్లు, మన మగోళ్లు. ఆ నార బొబ్బిలి, సాలూరు, నెల్లిమర్ల జూట్ మిల్లులకు పోయింది. మిల్లు లోపల దుమ్ము మింగిందీ మనోళ్లే. ఇప్పుడు గోగుచేలు తగ్గిపోయాయి. మిల్లులు లాకౌట్ల మీద లాకౌట్లు చూశాయి. దీనికి విదేశీ సరుకొక్కటే కారణమని మేం అనం. ప్లాస్టిక్ సంచీ ఉంది, యజమానుల లాభాల లెక్కలున్నాయి. కానీ ఆ సరుక్కి తలుపు తీసినవాడు మనల్ని అడిగాడా?

1994 జనవరిలో నెల్లిమర్ల జూట్ కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. అదే ఏడాది ఏప్రిల్ 15న మొరాకో దేశంలోని మరకేష్‌లో మన ప్రభుత్వం సంతకం పెట్టింది. 1995 జనవరి 1న డబ్ల్యూటీవో పుట్టింది. 2001 ఏప్రిల్ నాటికి మిగిలిన 715 సరుకుల దిగుమతి మీద ఉన్న ఆంక్షలూ ఎత్తేశారు. 2011లో బంగ్లాదేశ్ సరుకుల్లో 25 తప్ప అన్నిటికీ సుంకం తీసేశారు. జూట్ సరుకు ఆ 25లో లేదు. తర్వాత మిల్లు యజమానులు గోల పెడితే 2015లో విచారణ మొదలైంది. 2017 జనవరి 5న బంగ్లాదేశ్, నేపాల్ జూట్ సరుకు మీద యాంటీ డంపింగ్ సుంకం పడింది.

ఆ విచారణ ఎలా జరుగుతుందో మన సంఘాలు తెలుసుకోవాలి. 1995 నాటి నిబంధనల్లో సంబంధమున్న పక్షాలంటూ పేరుపెట్టి రాసిందెవర్ని? ఎగుమతిదారుని, దిగుమతిదారుని, అవతలి దేశపు ప్రభుత్వాన్ని, ఇక్కడి ఉత్పత్తిదారుని, వాళ్ల సంఘాన్ని. కూలీ పేరు లేదు. కార్మిక సంఘం పేరు లేదు. పోయిన ఉద్యోగాలూ, తగ్గిన కూలీ చూడాలని మాత్రం అవే నిబంధనల్లో ఉంది. మరి మన కడుపుమంట లెక్క ఎవరు రాసిస్తారు? యజమాని!

ఒక మాట ఇక్కడే చెప్పాలి. బంగ్లాదేశ్ కూలీ మనకు శత్రువు కాడు. 2020లో అక్కడి ప్రభుత్వం తన 25 జూట్ మిల్లులూ మూసేసి వేలమందిని వీధిన పడేసింది. వాడి బతుకూ మన బతుకూ ఒక్కటే.

రాజ్యాంగంలో వ్యవసాయం రాష్ట్రాల జాబితాలో ఉంది. విదేశీ ఒప్పందం కేంద్రం చేతిలో ఉంది. కేంద్ర మంత్రివర్గం సరేనంటే చాలు, సంతకం పడిపోతుంది. పార్లమెంటులో ఓటింగ్ తప్పనిసరి కాదు. కేరళ ప్రభుత్వం డబ్ల్యూటీవో వల్ల తన వ్యవసాయానికి వచ్చే చిక్కుల మీద కమిషన్ వేసి 2003లో నివేదిక తెప్పించుకుంది. మన రాష్ట్రంలో 2004లో జయతీ ఘోష్ అధ్యక్షతన రైతు సంక్షేమ కమిషన్ వేశారు. ఎప్పుడు? రైతులు పురుగుమందు తాగి చచ్చాక.

అందుకే మేం అడుగుతున్నాం. విదేశీ వాణిజ్య ఒప్పందాల మీద కన్నేసి ఉంచే కమిషన్ చట్టం ద్వారా రావాలి. చచ్చాక లెక్కపెట్టేది కాదు, సంతకానికి ముందే అడిగేది కావాలి. అందులో ఆఫీసర్లూ, ప్రొఫెసర్లూ, మిల్లు యజమానులే కూర్చుంటే మనకొద్దు. భూమిలేని కూలీ, కౌలుదారు, దళిత స్త్రీ, ఆదివాసీ సభ్యులుగా ఉండాలి, సలహాదార్లుగా కాదు. అలా జరగదంటారా? అంటరానితనం మీద వేసిన కమిషన్‌కి మన శ్రీకాకుళం బిడ్డ జస్టిస్ పున్నయ్య పెద్ద. ఆ కమిషన్ సిఫారసు నుంచే రాష్ట్రానికి ఎస్సీ, ఎస్టీ కమిషన్ వచ్చింది. పేట గోడు కమిషన్ చెవికెక్కితే ఏమవుతుందో మనం చూశాం.

2025 జులై 24న బ్రిటన్‌తో మరో ఒప్పందం మీద సంతకమైంది. ప్రభుత్వ కొనుగోళ్లలో బ్రిటన్ కంపెనీలకీ అందులో చోటిచ్చారు. ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి 4 శాతం కొనాలన్న నియమం కేంద్రంలో 2012 నుంచి ఉంది. ఆ 4 శాతానికి ఢోకా ఉందా లేదా, తెలుగులో రాసి పంచాయతీ గోడకు అంటించమనండి.

ప్రతి పేటలోనూ సంఘం పెద్దలు కూర్చోండి. గోగు పని చేసినవాళ్లెవరు, మిల్లు పని పోయినవాళ్లెవరు, ఎన్నేళ్లు చేశారు, ఇప్పుడు ఏ ఊరికి వలసపోయారు, రాయించండి. యజమాని లెక్క ఢిల్లీలో ఉంది. మన లెక్క మనమే రాసి పట్టుకెళ్దాం.