ఆకు రాసిన పద్దు

కడప నుంచి తాడిపత్రి పోయే రోడ్డులో, కమలాపురం చుట్టుపక్కల, ఎండాకాలం ఏ వేపచెట్టు కిందనైనా కాసేపు నిలబడి చూడండి. రోడ్డు వైపు కొమ్మలకు బూడిద పూసినట్టుంటుంది. పొలం వైపు తిరిగిన కొమ్మలు కాస్త పచ్చగానే ఉంటాయి. అదే చెట్టు, అదే నేల. తేడా అంతా గాలిదే.

ఈ ప్రాంతంలో వానకు కరువుంటుందేమో గానీ దుమ్ముకు లేదు. నల్లలింగాయపల్లెలో సిమెంటు కర్మాగారం, ఎర్రగుంట్ల దిక్కున మరికొన్ని, నాపరాళ్ల గనులు, ఇంకొంచెం ముందుకు పోతే కలమల్లలో బొగ్గు మండించే విద్యుత్ కేంద్రం ఆర్టీపీపీ. వీటన్నిటికీ తిరిగే లారీలు. గాలిని కొలిచే ఏర్పాటు మాత్రం ఊరి పెద్దరికాన్ని బట్టి నడుస్తుంది. 2019 జనవరిలో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ శుద్ధవాయు కార్యక్రమంలోకి ముందు కర్నూలు వచ్చింది, తర్వాత కడప చేరింది. కమలాపురం ఆ జాబితాలో లేదు. ఫ్యాక్టరీలు తమ ఆవరణలో కొలిచి పంపే లెక్కలు వేరు. బస్టాండు దగ్గర ఇడ్లీ బండి పెట్టుకున్నామె పీల్చే గాలి లెక్క వేరు. గాలిలో తేలే సన్నని దుమ్ము, అంటే పీఎం10, ఏడాది సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటరాదని 2009 నాటి ప్రమాణం. దాటిందో లేదో చెప్పే యంత్రం ఇక్కడికి ఎప్పుడొస్తుందో గానీ, చెట్లయితే ముందునుంచీ ఉన్నాయి.

చెట్టూచేమను బట్టి గాలి మంచిచెడ్డలు చెప్పడం కొత్త విద్య కాదు. పారిస్‌లోని లక్సెంబర్గ్ తోటలో లైకెన్లను గమనించి నైలాండర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1866లోనే ఈ మాట చెప్పాడు. మన వంటింట్లో బిరియానీ మసాలాలో పడే రాతిపువ్వు కూడా లైకెనే. దానికి వేళ్లుండవు, కావలసిందంతా గాలి నుంచే తీసుకుంటుంది, అందుకే గంధకపు పొగకు ముందుగా అదే చస్తుంది. అయితే మన ఎండలకు ఊళ్లో చెట్ల బోదెల మీద లైకెన్ కనబడకపోతే తప్పు పొగదే అనలేం. బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో 2014లో ఇళ్ల కిటికీల దగ్గర స్ట్రాబెర్రీ మొక్కలు పెట్టించి, ఆకుల మీద చేరిన ఇనుప రేణువుల అయస్కాంత గుణాన్ని విశ్వవిద్యాలయం వాళ్లు కొలిచారు. మనకు స్ట్రాబెర్రీలెందుకు? వేప ఉంది, కానుగ ఉంది.

పైగా వీటితో ఒక సౌకర్యం. ఉగాది అటూ ఇటుగా పాత ఆకు రాల్చి కొత్త చిగురేస్తాయి. అంటే ఆకు వయసు మనకు తెలుసు. జూన్‌లో కోసిన కానుగాకు మీదున్న దుమ్ము దాదాపు ఆ మూడు నెలలదే, నడుమ వాన పడి కడిగేయకుంటే. ఇక్కడ ఏడాదికి కురిసేదే సుమారు 700 మిల్లీమీటర్లు, ఆ నెలల్లో పడేది అందులో కొంచెమే కాబట్టి పద్దు పెద్దగా చెరిగిపోదు.

చెట్టు మాటను అన్నివేళలా ఉన్నదున్నట్టు నమ్మకూడదు కూడా. జిల్లేడాకు దుమ్ము లేకున్నా తెల్లగానే ఉంటుంది, ఆ నూగు దాని సొంతం. కొన్నేళ్ల కిందట తెలుగునాట వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి మాడిపోతూ వస్తే జనం రకరకాలుగా అనుకున్నారు. చూస్తే అది శిలీంధ్రం తెచ్చిన తెగులు. అందుకే ఆకు సాక్ష్యం ఫ్యాక్టరీ మీద కేసు పెట్టడానికి చాలదు. యంత్రం ఏ వీధిలో పెట్టాలో చెప్పడానికి చాలు.

మనం మొక్కలు నాటే తీరు సంగతీ కాస్త ఆలోచించాలి. ఏ మొక్క కాలుష్యాన్ని ఎంత ఓర్చుకుంటుందో అంచనా వేయడానికి 1983లో సింగ్, రావు అనే ఇద్దరు పరిశోధకులు ఒక సూచిక కట్టారు. ఆకులోని సి విటమిన్, పత్రహరితం, నీటి శాతం, ఆమ్లగుణం, ఈ నాలుగింటినీ కలిపిన లెక్క అది. దాన్ని పట్టుకుని రోడ్ల మధ్య ఓర్పున్న మొక్కలే ఏరి నాటడం బాగానే ఉంది. కానీ ఏం జరిగినా వాడని మొక్క మనకు ఏమని చెబుతుంది? పదింటికి ఒకటైనా సుకుమారమైనది పెట్టుకోవాలి.

ఆ మాటకొస్తే సుకుమారమైనది నల్లరేగడి చేలల్లో ఏటా ఉండనే ఉంది. రబీలో వేసే పప్పుశనగ ఆకుల నూగు నుంచి పుల్లటి ఆమ్లం ఊరుతుంది. పొద్దున్నే చేలో నడిస్తే పంచె అంచుకు ఆ తడి అంటుకుంటుంది. సిమెంటు దుమ్ముదేమో క్షారగుణం, మంచు తడికి ఆకు మీదే గట్టిపడే స్వభావం. ఫ్యాక్టరీకి దగ్గరి చేలోనూ దూరపు చేలోనూ ఒకేరోజు ఆకు కోసి, నీళ్లలో కడిగి, ఆ నీళ్లలో పీహెచ్ కాగితం ముంచితే తేడా ఉందో లేదో పదో తరగతి పిల్లలైనా చెబుతారు. కానుగాకు దుమ్ము తూచడానికి మాత్రం మిల్లీగ్రాములు చూపే త్రాసు కావాలి, డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబుల్లో ఉండేదే. ఏడాదికి రెండు కోతలు చాలు: వానలకు ముందు జూన్‌లో కానుగ, డిసెంబర్‌లో శనగ.