‘నిద్ర పడుతోందా?’ అని అడగండి

2015 డిసెంబరు మొదట్లో అడయారు నది పొంగి సైదాపేట, కోట్టూరుపురం ఇళ్లను ముంచినప్పుడు చెన్నైలో గర్భిణులూ ఆ నీళ్ల మధ్యే ఉన్నారు. కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. అప్పుడు కడుపులో ఉన్న పిల్లలకు 2029లో పదమూడేళ్లు. రేపు వాళ్లు గది తలుపేసుకుని కూర్చుంటే, చిన్న మాటకే ఏడిస్తే, సెల్‌ఫోన్‌ను తిడతాం, ఆపైన తల్లి పెంపకాన్ని తిడతాం. కడుపులో ఉన్నప్పటి ఆ కష్టాన్ని మాత్రం గుర్తు చేసుకోం.

1998 జనవరిలో కెనడాలోని క్విబెక్‌లో మంచువాన పడి లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. కొందరికి నెల దాటినా రాలేదు. అప్పటి గర్భిణుల పిల్లలను మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన సుజాన్ కింగ్ బృందం ఏళ్ల తరబడి గమనించింది. పదమూడో ఏట రక్తం పరీక్షిస్తే, జన్యువుల పనిని అదుపు చేసే రసాయన గుర్తుల్లో తేడాలు కనిపించాయి. తల్లి ఎంత బెంగపడిందన్నదానితో కాదు, నిజంగా ఎంత కష్టం అనుభవించిందన్నదానితోనే ఆ తేడాలకు పొంతన కుదిరింది. అందుకే ‘ధైర్యంగా ఉండమ్మా’ అని చెప్పేసి చేతులు దులుపుకోవడం అన్యాయం అంటాను. ఆమె కష్టం తగ్గించాలి.

అలాగని ఆందోళనను పక్కన పెట్టలేం. ఇంగ్లండులోని బ్రిస్టల్ ప్రాంతంలో చేసిన పెద్ద అధ్యయనంలో, కడుపుతో ఉన్నప్పుడు ఆందోళన బాగా ఎక్కువగా ఉన్న తల్లుల పిల్లల్లో మానసిక సమస్యలు వందకు సుమారు 12 మందిలో కనిపించాయి. మిగతా తల్లుల పిల్లల్లో 7 మందిలో. దాదాపు రెట్టింపే. అయినా తక్కిన 88 మందికీ ఆ ఇబ్బంది లేదు. ఇది చదివే ఏ తల్లీ తనను తాను నిందించుకోనక్కర్లేదు.

ముత్తులక్ష్మి రెడ్డి పేరిట తమిళనాడు ప్రభుత్వం పేద గర్భిణికి పౌష్టికాహార కిట్లతో కలిపి 18,000 రూపాయల సాయం ఇస్తోంది. మంచి పథకం. చెకప్‌లో బరువు, బీపీ, షుగరు, రక్తం అన్నీ చూస్తారు. నేను చూసినంతలో మనసు సంగతి అడిగేవారు తక్కువ. అడిగినా, అత్తగారు పక్క కుర్చీలో ఉంటే ఏ కోడలు నోరు విప్పుతుంది? నర్సమ్మ అత్తగారిని రెండు నిమిషాలు బయట కూర్చోమని, కోడలిని ‘నిద్ర పడుతోందా? ఇంట్లో ఎవరైనా బాధపెడుతున్నారా?’ అని అడగాలి. జవాబును బీపీ అంకె పక్కనే రాయాలి.

భర్తలకూ, అత్తమామలకూ ఒక మాట. సీమంతానికి గాజులు తొడిగిన చేతులకు మర్నాటి నుంచి నీళ్ల బిందె మోసే పని తప్పించండి, అప్పుల గొడవ ఆమె ముందు పెట్టకండి. దిగులు వదలకపోతే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయించండి. ఖర్చు లేదు, తెలుగులోనూ మాట్లాడతారు.