తుపాకీ మోత సరే... బీనా గోడు ఎవరికి పట్టింది?

'మీర్జాపూర్' పేరెత్తితే చాలు, కుర్రాళ్ల కళ్లు మెరుస్తాయి. అమెజాన్ ప్రైమ్‌లో 2018లో మొదటి భాగం, 2020లో రెండోది, 2024లో మూడోది వచ్చాయి. కాలీన్ భయ్యా ఏమన్నాడో, మున్నా ఎవర్ని కాల్చాడో పిల్లలు వల్లిస్తుంటే, మనం 'ఛీ, పాడు రక్తపాతం' అని టీవీ కట్టేస్తాం.

నిజానికి ఆ రక్తం కన్నా ఎక్కువ భయపడాల్సిన సంగతి అందులో ఇంకొకటుంది. అది బీనా త్రిపాఠీ కథ.

తివాచీల వ్యాపారం చాటున నాటు తుపాకులు, నల్లమందు అమ్మే కాలీన్ భయ్యాకు ఆమె రెండో భార్య. ఆ ఇంటి పేరు చెబితే ఊరంతా వణుకుతుంది. అంత పెద్దింటి కోడలికి సొంత ఇంట్లోనే రక్షణ లేదు. చక్రాల కుర్చీలో కూర్చునే మామగారే ఆమెపై అత్యాచారం చేస్తాడు. ఎవరితో చెప్పుకుంటుంది? రెండో భాగంలో చివరికి తనే ఆయన్ని మట్టుపెడుతుంది.

మరి స్వీటీ చేసిన నేరమేమిటి? మున్నాను కాదని గుడ్డూను పెళ్లాడటం! కడుపుతో ఉండగానే తూటాకు బలైంది.

ఇక ఆ బూతులు! కొట్టుకునేది మగాళ్లూ మగాళ్లూ. తిట్లలోకి ఈడ్చేది మాత్రం తల్లినీ, చెల్లినీ. తుపాకీ మన గుమ్మం దాటి రాకపోవచ్చు. ఆ మాటలు మాత్రం మన పిల్లల నోటికి ఇట్టే వచ్చేస్తాయి.

2020లో మీర్జాపూర్ ఎం.పి. అనుప్రియా పటేల్ తమ ప్రాంతాన్ని చెడుగా చూపిస్తున్నారని అభ్యంతరం చెప్పారు. న్యాయమే. తివాచీల నేతకు పేరున్న ఊరది. బాంబుల సినిమాలు మన రాయలసీమకు అంటించిన మరక మనకు తెలియనిదా? అయితే ఊరి పరువు కోసం గొంతెత్తినట్టు, బీనాలాంటి వాళ్ల కోసం ఎవరెత్తారు?

2021 నిబంధనల ప్రకారం ఇలాంటి వాటికి ఏ వయసు వాళ్లు చూడవచ్చో గుర్తు వేయాలి, తాళం వేసుకునే వీలుండాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో తప్పకుండా తాళం వేద్దాం. కానీ పద్దెనిమిది నిండిన కొడుక్కి ఏ తాళం వేస్తాం?

అందుకే టీవీ కట్టేసి ఊరుకోవద్దు. వాడి పక్కన కూర్చుని అడుగుదాం - "ఏరా, మున్నా డైలాగులన్నీ కంఠతా వచ్చాయి కదా! బీనా అన్నాళ్లు ఎందుకు నోరు విప్పలేకపోయిందో ఎప్పుడైనా ఆలోచించావా?" అని.

తుపాకులు లేని వీధులు మనకు చాలానే ఉన్నాయి. నోరు విప్పలేని కోడళ్లు లేని వీధి ఉందంటారా?