ప్రాణం దక్కింది.. పేరు పోయింది! శరణార్థి జర్నలిస్టులకు న్యూస్‌రూమ్ తలుపులు తెరుచుకునేదెప్పుడు?

2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబన్ల చేతుల్లోకి వెళ్లింది. ఆ తర్వాత మూడు నెలలు గడిచేసరికి అఫ్గానిస్థాన్‌లోని 543 మీడియా సంస్థల్లో 231 మూతపడ్డాయని, 6,400 మందికి పైగా జర్నలిస్టులు, మీడియా సిబ్బంది రోడ్డున పడ్డారని రిపోర్టర్స్ వితౌట్ బార్డర్స్ సర్వేలో తేలింది. మహిళా జర్నలిస్టుల పరిస్థితి మరీ ఘోరం.. ప్రతి ఐదుగురిలో నలుగురికి పని పోయింది.

వీళ్లలో దేశం దాటగలిగిన వాళ్లకు ప్రాణాలైతే దక్కాయి. మరి వృత్తి సంగతేంటి?

డాక్టరో, ఇంజినీరో దేశం మారితే కష్టమైనా ఒక దారి ఉంటుంది. పరీక్షలు రాస్తారు, మళ్లీ పనిలో చేరతారు. జర్నలిస్టు పెట్టుబడి వేరు. భాష, సోర్సులు, ఇరవై ఏళ్లు కష్టపడి తెచ్చుకున్న పేరు. విమానం దిగిన రోజే ఇవేవీ చెల్లకుండా పోతాయి. దరి, పష్తో భాషల్లో వందల కథనాలు రాసిన సీనియర్‌కు లండన్‌లో ఇంగ్లిష్ వాక్యం తడబడితే చాలు, ఫ్రెషర్ కింద లెక్కకట్టేస్తారు. దానికి తోడు చట్టం తెచ్చే చిక్కులు! బ్రిటన్‌లో ఆశ్రయం కోరిన వాళ్లు ఏడాది పాటు ఎదురుచూస్తే గానీ ఉద్యోగానికి అనుమతి అడగలేరు. ఇచ్చినా కొన్ని రకాల ఉద్యోగాలకే. ఈలోగా చేతిలో బైలైన్ లేదు, వార్తతో టచ్ లేదు.

ఈ గ్యాప్‌ను పూడ్చేందుకే 2016లో లండన్ కాలేజ్ ఆఫ్ కమ్యూనికేషన్‌లో రెఫ్యూజీ జర్నలిజం ప్రాజెక్ట్ మొదలైంది. వర్క్‌షాపులు, సీనియర్ జర్నలిస్టుల మెంటరింగ్, మీడియా సంస్థల్లో ప్లేస్‌మెంట్లు.. ఇదీ దాని పద్ధతి. పారిస్‌లో మెజాన్ దే జర్నలిస్త్ అనే సంస్థ 2002 నుంచే ఇలాంటి వాళ్లకు తలదాచుకునే చోటు ఇస్తోంది.

మంచి ప్రయత్నాలే, కాదనలేం. అయితే ట్రైనింగ్ వేరు, జీతం వేరు. తన ఊళ్లో డెస్క్ నడిపిన మనిషికి మళ్లీ వార్త రాయడం నేర్పి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపిస్తే ఇంటి అద్దె ఎవరు కడతారు? ఇంకో అలవాటు కూడా ఉంది. శరణార్థుల మీద చర్చ పెట్టిన రోజు వీళ్లను గెస్టుగా పిలుస్తారు, కన్నీళ్లు పెట్టిస్తారు. మర్నాడు బడ్జెట్ మీదో, ఎన్నికల మీదో రాస్తామంటే ఎవరూ పలకరు. టీవీ చర్చలు చూసేవాళ్లకు ఈ తంతు కొత్తేమీ కాదు.

జర్మనీలో మాత్రం వేరే దారి కనిపిస్తోంది. 2017లో బెర్లిన్‌లో 'అమల్' పేరుతో ఓ న్యూస్ సైట్ వచ్చింది. అరబిక్‌లో అమల్ అంటే ఆశ. సిరియా, అఫ్గానిస్థాన్, ఇరాన్ తదితర దేశాల నుంచి వచ్చిన జర్నలిస్టులే స్థానిక వార్తలను అరబిక్, దరి-ఫార్సీ భాషల్లో రాస్తారు. 2022 తర్వాత ఉక్రెయిన్ భాష కూడా చేరింది. ఇక్కడ వాళ్ల భాష అడ్డంకి కాదు, అదే అర్హత! 2019లో మొదలైన హాంబర్గ్ టీమ్ అయితే హాంబుర్గర్ ఆబెండ్‌బ్లాట్ దినపత్రిక న్యూస్‌రూమ్‌లోనే కూర్చుంది. పక్క సీట్లో జర్మన్ రిపోర్టర్ ఉంటే సోర్సులు, కథనాలు అటూ ఇటూ నడుస్తాయి. మెంటర్‌తో నెలకో మీటింగ్ పెట్టుకుంటే దొరికేది కాదిది.

చిక్కల్లా డబ్బుతోనే. ప్రవాస మీడియా చాలావరకు విరాళాల మీదే బతుకుతోంది. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం నిలిపేసేసరికి చాలా సంస్థలు విలవిల్లాడాయి. అదే నెలలో అమెరికా శరణార్థుల ప్రవేశాలనూ ఆపేసింది. దాంతో పాకిస్థాన్‌లో వీసాల కోసం కాచుకున్న అఫ్గాన్ జర్నలిస్టులకు ఇటు దారి మూసుకుపోయింది, అటు పాక్ పోలీసుల నుంచి వెనక్కి పంపేస్తారనే భయం పట్టుకుంది.

భారత్ సంగతికొస్తే 1951 శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్డు ఉన్నా దానితో ఉద్యోగం చేసే హక్కు రాదు. అలాగని ఇక్కడ దారే లేదనలేం. మయన్మార్ ప్రవాస జర్నలిస్టులు 'మిజ్జిమా' వార్తా సంస్థను 1998లో మొదలుపెట్టింది ఢిల్లీలోనే. 2012లో అది స్వదేశానికి వెళ్లింది. 2021లో సైనిక తిరుగుబాటు జరిగిన నెలకే జుంటా లైసెన్స్ రద్దు చేసింది. మిజ్జిమా సిబ్బంది మళ్లీ అజ్ఞాతంలోకి, సరిహద్దుల అవతలికి చేరారు. వార్తలు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నాయి.